పుస్తకం వంతు

షిరే లోయలో ఏటి ఒడ్డు పల్లె. మసౌకో పోయి పందొమ్మిది రోజులైంది. మధ్యాహ్నం పూట వాళ్ళమ్మ, వాడి తరగతిలో చదివే డోరికా మామిడి నీడలో చాప వేసుకుని కూర్చున్నారు.

“మళ్ళీ చెప్పు. మెల్లిగా చెప్పు. అయిదో తరగతిలో బడి మానేసినదాన్ని, అది గుర్తుపెట్టుకుని చెప్పు.”

“అమ్మా, ఇదంతా ఇప్పుడెందుకు? ఎండ దిగేలోపు నేను ఏరు దాటాలి.”

“దాటుదువుగానిలే. నిన్ను అవతల దించందే పడవ నడిపే గామా ఇంటికి పోడు. చెప్పి ఉంచాను. ఇదిగో, వేలు పెట్టి చూపించు. ఇది ఎక్స్. ఇదేమో?”

“వై.”

“ఎవరు వీళ్ళిద్దరూ?”

“ఎవరూ కాదమ్మా. అంకెలే. ఎంతో తెలియని అంకెలు.”

“తెలియనివాటితో లెక్కేంటే? తెలిసినవాటితోనే చావలేకపోతున్నాం.”

“అచ్చం మసౌకో కూడా మొదటి రోజు ఇలాగే...”

“ఇలాగే? ఏమన్నాడు?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేదు, ఏం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఇది నాలుగోసారి. నోట్లో సంకటి ముద్ద పెట్టుకుని వచ్చావా?”

“ఈ నోటుపుస్తకం మీ దగ్గరెలా ఉంది? వాడివన్నీ సమాధి మీద పెట్టేశారు కదా. కంచానికీ గ్లాసుకీ చిల్లు పొడిచి మరీ పెట్టారు. నేను చూశాను.”

“ఇది నడుం గుడ్డలో చుట్టి దాచుకున్నాను. నిన్న మా అన్నయ్య కనిపెట్టేశాడు. మేనమామ మాట కాదనేవాళ్ళెవరు ఇక్కడ? రేపు పొద్దున్నే దీన్నీ అక్కడే పెట్టి రావాలట. పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉంటే వాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారట. రానీ, వస్తే నాకేం కష్టం అన్నాను. నోరు ముయ్యమన్నాడు.”

“పోనీ పెట్టేయండమ్మా. ఆయన చెప్పినట్టే...”

“పెడతాను. కాదన్నానా? ముందు ఇది చూడు. ఆఖరి లెక్క. ఒక బ్రాకెట్ రాశాడు, రెండోది తెరిచి వదిలేశాడు. సగం లెక్కతో పంపించను నా కొడుకుని. ఎవరిచేతో రాయిస్తే అది వేరే వాళ్ళ లెక్క అవుతుంది. నేనే రాయాలి. ఊరికే గీకడం కాదు, తెలిసి రాయాలి.”

“గంట కొట్టేశారమ్మా అప్పుడు. అందుకే ఆగిపోయాడు.”

“నువ్వు పక్కనే ఉన్నావా?”

“ఒకే బెంచీ కదా మాది.”

“అయితే నువ్వే నేర్పాలి. ఇంకెవరిని అడగను?”

“సరే. ఆ బొబ్బర గింజలు ఇటివ్వండి. వాడి లెక్క చివర్లో చేద్దాం. ముందు వేరేది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఏడు ఎక్స్‌వై ప్లస్ పన్నెండు వై స్క్వేర్.”

“బాబోయ్, పెళ్ళి ఊరేగింపంత ఉంది.”

“మూడే ముక్కలమ్మా. దీన్ని రెండు బ్రాకెట్లుగా విడగొట్టాలి. కారణాంకాలు అంటారు. చివర పన్నెండు ఉందా, మధ్యలో ఏడు ఉందా? రెండంకెలు వెతకాలి. ఆ రెండూ గుణిస్తే పన్నెండు రావాలి. కూడితే ఏడు రావాలి.”

“రెండూ ఒకేసారా?”

“రెండూ ఒకేసారి.”

“పన్నెండు గింజలు... రెండు వరసలు పెడితే వరసకి ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. ఛ. మూడు వరసలు పెడితే నాలుగేసి. మూడూ నాలుగూ ఏడు! ఇంతేనా?”

“ఇంతే.”

“ఇంతదానికా మావాడు పెన్ను కొరికి కొరికి నమిలేసింది?”

“ఆగండి, ఇంకా రాయలేదు. రాయండి చూద్దాం.”

“ఎక్స్ ప్లస్ మూడు. ఎక్స్ ప్లస్ నాలుగు.”

“అబ్బా! అచ్చం నాలాగే!”

“ఏం, తప్పా?”

“వై ఏదీ? మూడు వై, నాలుగు వై అని రాయాలి. ఇవి రెండూ తిరిగి గుణిస్తే పై లెక్క రావాలి కదా. మీరు వై రాయకపోతే అక్కడికి వై ఎక్కణ్ణుంచొస్తుంది? నేనూ ప్రతిసారీ వదిలేస్తాను. చిరంబో మాస్టారు కొట్టినా అంతే, మళ్ళీ వదిలేస్తాను. మసౌకో వెక్కిరించేవాడు. ‘ఎక్స్‌గాడు ఒక్కడే పడవెక్కేశాడే, వైగాడు ఒడ్డున నిలబడి ఏడుస్తున్నాడు, వాణ్ణి కూడా ఎక్కించుకోవే’ అని...”

“ఆగావేం?”

“ఏం లేదు.”

“పడవ అన్నావనా? అను. ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అనడం లేదు. నేను లోపలికి వస్తే మాటలు ఆపేస్తున్నారు. వాడన్న మాటే కదా, చెప్పు. వాడి మాట కొత్తది ఒక్కటైనా వినాలని ఉందే నాకు. నా దగ్గరున్నవన్నీ తలుచుకుని తలుచుకుని అరగదీసేశాను.”

“అంతేనమ్మా. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక ఏడ్చాను, నాకొక్కదానికే రావడం లేదని.”

“వాడికి తెలుసా నువ్వు ఏడ్చావని?”

“మర్నాడు నా కళ్ళు చూశాడు. వేరుశనక్కాయలు తెచ్చి బెంచీ మీద పోశాడు.”

“ఓహో. నా అటక మీదివేనన్నమాట అవి. పందికొక్కు తిందని దాన్ని తిట్టుకున్నాను నెల రోజులు.”

“అమ్మా!”

“నవ్వు, పర్లేదు. నువ్వు నవ్వితే నేనూ కాస్త నవ్వుతాను. ఇంకో లెక్క ఇవ్వు.”

“ఎక్స్ స్క్వేర్ ప్లస్ పది ఎక్స్‌వై ప్లస్ ఇరవై నాలుగు వై స్క్వేర్.”

“ఇరవై నాలుగు... మూడు ఎనిమిదులు. మూడూ ఎనిమిదీ పదకొండు. ఒకటి ఎక్కువైంది. రెండు పన్నెండులు. రెండూ పన్నెండూ పధ్నాలుగు, అది మరీ ఎక్కువ. ఉండు, చెప్పకు. చెప్పావంటే కొడతాను. నాలుగు ఆర్లు! నాలుగూ ఆరూ పది!”

“రాయండి.”

“ఎక్స్ ప్లస్ నాలుగు... వై. ఎక్స్ ప్లస్ ఆరు వై. ఎక్కించానా ఇద్దర్నీ?”

“ఎక్కించారు. నాకు నెల పట్టింది ఇది. మీకు మధ్యాహ్నంలో వచ్చేసింది.”

“వాడికెంత పట్టింది?”

“వాడికా? మాస్టారు బోర్డు మీద రాస్తుండగానే వచ్చేసింది.”

“నా పోలికే.”

“అవునమ్మా.”

“ఇప్పుడు వాడిది చేద్దాం. నువ్వు మాట్లాడకు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎనిమిది ఎక్స్‌వై ప్లస్ పదిహేను వై స్క్వేర్. మావాడు ఎక్స్ ప్లస్ మూడు వై అని రాసి మూసేశాడు. పదిహేను గింజలు, మూడు వరసలు... వరసకి అయిదు. మూడూ అయిదూ ఎనిమిది. అయితే ఇక్కడ ఎక్స్ ప్లస్ అయిదు వై. అంతేనా?”

“అంతే. బ్రాకెట్ మూసేయండి.”

“మూసేశాను. చూడు, వాడి రాత పక్కన నా రాత కోడి గెలికినట్టుంది.”

“బాగుందమ్మా. అమ్మా... ఏడవకండి.”

“ఏడవనీ. సరిగ్గా వచ్చిందా లేదా, అది చెప్పు.”

“వచ్చింది. ఒక్క తప్పు కూడా లేదు.”

“దీనికోసమేనన్నమాట.”

“ఏది?”

“వాడు పోయింది. మూడు వరసల గింజల కోసం.”

“ఎవరు చెప్పారు లెక్క కోసమని? వాడు ఎందుకు దాటాడో ఎవరికీ తెలియదంటున్నారు కదా!”

“ఎందుకలా ఉలిక్కిపడతావు? ఊరికే అన్నాను. వరదనీళ్ళు ఎర్రగా వస్తున్నాయి, నేను రానని గామా చెప్పేశాడు. వీడే పడవ తాడు విప్పుకుని దాటబోయాడు. పొద్దున్నదాకా ఆగలేనంత తొందరేంటని ఊరంతా అడుగుతోంది. అవతలి ఊళ్ళో ఆడపిల్ల ఉందిలే అని కూడా అన్నారు. నీ పేరే అన్నారు.”

“అమ్మా, ఒట్టు, అలాంటిదేమీ...”

“నేను నమ్మానా? నమ్మితే చాప మీద కూర్చోబెడతానా?”

“ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు... మీతో ఏమైనా చెప్పి వెళ్ళాడా?”

“ఆ గింజలు ఏరి గిన్నెలో పొయ్యి. కోళ్ళొస్తున్నాయి.”

“చెప్పాడా అమ్మా?”

“నీళ్ళు తాగుతావా? కుండలో చల్లటివి ఉన్నాయి.”

“వద్దు. నేనొకటి చెప్పాలి మీకు.”

“వద్దులే. ఎండ దిగుతోందన్నావు కదా. వెళ్ళు.”

“ఇంతసేపూ వెళ్ళనివ్వలేదు, ఇప్పుడు వెళ్ళమంటారేంటి? చెప్పకపోతే నేను బతకలేను. పందొమ్మిది రోజులుగా ముద్ద దిగడం లేదు నాకు. మీరు కబురు పెట్టినప్పుడు తెలిసిపోయిందనుకున్నాను. కొడతారనుకునే వచ్చాను.”

“డోరికా, వద్దన్నానా.”

“పుస్తకం నా దగ్గరే ఉంది.”

“ఏ పుస్తకం?”

“లెక్కల పాఠ్యపుస్తకం. బళ్ళో మా అయిదుగురికీ కలిపి ఒక్కటే ఇచ్చారు. రోజుకొకరం ఇంటికి పట్టుకెళ్ళాలి. సోమవారం నాది, మంగళవారం మసౌకోది. ఆ రోజు మంగళవారమమ్మా. వాడి వంతు. మర్నాడు మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలుస్తానన్నారు. నాకొక్కటీ రావడం లేదు. వాడొచ్చి పుస్తకం అడిగితే, మా అయిదుగురిలో ఇంకొకడు, స్టీవెలో అని, వాడు పట్టుకెళ్ళిపోయాడన్నాను. అబద్ధం. నా సంచిలోనే ఉంది, గుడ్డ కింద పెట్టాను. వాడు సరేనని పడవెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఎలాగో తెలుసుకుని ఉంటాడు. దానికోసమే మళ్ళీ ఏరు దాటాడు. మా ఇంటికే వస్తున్నాడమ్మా. నేనే చంపాను వాణ్ణి. ఒక్క పుస్తకం దాచుకుని చంపేశాను.”

“అయిందా?”

“కొట్టండమ్మా. ఊళ్ళో అందరికీ చెప్పండి.”

“ఇలా రా. దగ్గరికి రా. ముక్కు తుడుచుకో. వాడికి తెలుసు.”

“ఏం తెలుసు?”

“పుస్తకం నీ సంచిలో ఉందని. అట్ట మూల బయటికి కనిపించిందట. ఇంటికొచ్చి నవ్వుతూ నాకు చెప్పాడు. ‘డోరికాకి అబద్ధమాడటం కూడా రాదమ్మా’ అన్నాడు. ‘ఉంచుకోనీలే, రేపు దాన్ని బోర్డు దగ్గరికి పిలుస్తారు, నాకెలాగూ వచ్చేసింది’ అన్నాడు.”

“తెలిసీ... తెలిసీ నన్నేమీ అనలేదా? అయితే నా మీద కోపంతో రాలేదా వాడు?”

“కోపమెక్కడిది? నీకు వస్తుందో రాదోనని వాడికే బెంగ.”

“మరెందుకమ్మా? పుస్తకం నాకే వదిలేసినవాడు ఆ వరదలో మళ్ళీ ఎందుకు దాటాడు?”

“నేను ఊరుకోలేదు కనక. మన వంతు మనం వదులుకుంటే రేపు ఎవడిస్తాడు అని అరిచాను. పుస్తకం తెస్తేనే తిండి అని సంకటి కుండ మీద మూత పెట్టేశాను. ‘నీళ్ళు పెరుగుతున్నాయమ్మా, పొద్దున్నే వెళ్ళి తెస్తాను’ అని రెండుసార్లు బతిమాలాడు తల్లీ. రెక్క పట్టుకుని నేనే వాకిట్లోంచి బయటికి నెట్టాను.”