పొట్టి గోధుమ పూత

2003 జనవరిలో ఒక పొద్దున, షామీర్‌పేట దగ్గర ఒక విత్తనాల కంపెనీ పొలంలో గోధుమ పూతకు వచ్చింది. వ్యవసాయ డిగ్రీ చదివి అక్కడే ఉద్యోగంలో చేరిన కూతురు, చూడటానికి వచ్చిన తండ్రితో గట్టు మీద నిలబడింది.

"పొట్టి గోధుమ మంచిదే గద బిడ్డా, గాలికి పడదు. ఇగ నీ పరేషాన్ ఏంది?"

"పొట్టిగ చేసే జన్యువుతోనే తంటా బాపు. దానివల్ల పుప్పొడి తిత్తులు కంకిలోనే ముడుచుకుంటయ్, బయటికి రావు. హైబ్రిడ్ కావాలంటే మగసాలు పుప్పొడి ఎగిరి పక్కన ఆడసాలు మీద పడాలె."

"మరి మగసాలుకు పొడుగుదే పెట్టరాదూ?"

"అప్పుడు హైబ్రిడ్ గూడ పొడుగై పడిపోతది. అందుకే తిత్తులను ముడువనియ్యని వేరే పొట్టి జన్యువు ఉన్న రకాన్ని నేనే అడిగి గీ సాలుల పెట్టించిన. ఇయ్యాల పుప్పొడి రాల్చకుంటే మా పెద్దసార్ గీ సాలంత పీకేయిస్తడు. ఇగ నా మాట ఎవరింటరు?"

"గంత భయమెందుకే? దగ్గరికి పోయి చూస్త ఆగు."

"మెల్లగ బాపు! అయ్యో, సాలుకు తగిలితివి గద!"

"లొల్లి చెయ్యకు. నా నల్ల స్వెటర్ మీదనే పసుపు సల్లినట్టయింది. దులుపుకుంట."

"దులపకు బాపు! కదలకు! గది పుప్పొడే! సార్ కండ్లార చూడాలె."

"సార్ ఎప్పుడొస్తడు?"

"మేడ్చల్‌ల బయల్దేరిండట."

"అందాక దిష్టిబొమ్మ లెక్క గిట్లనే ఉండాల్నా?"

"ఉండు బాపు, నీకు దండం పెడత."

తండ్రి నవ్వు ఆపుకుంటూ, చేతులు రెండూ చాచి సాలు పక్కనే నిలబడ్డాడు.