ముట్టుకున్నందుకు ముప్ఫై డాలర్లు

"ఒక మనిషి చేత పార్సెలు పంపుడు ఖర్చు తగ్గింపించానోయ్ నేను," అన్నాడు వెర్లిన్, టోపీ తీసి బల్ల మీద పెడుతూ. "పెద్ద విషయమేం కాదులే. చిన్న ఉత్తరం ముక్క రాశాను, అంతే."

వెర్లిన్ "పెద్ద విషయమేం కాదు" అన్నాడంటే ఇక గంటసేపు నా హోటల్లోంచి ఎవరూ లేవరని అర్థం. లేచి మాత్రం ఎక్కడికి పోతారు? నవంబరు శనివారం మధ్యాహ్నం. మొక్కజొన్న కోతలు అయిపోయాయి. బయట నెబ్రాస్కా ఈదురుగాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. కిటికీ పక్కన గేలన్ కూర్చున్నాడు. వాడి పొలానికీ వెర్లిన్ పొలానికీ గట్టు ఒకటే. కౌంటరు చివర పోస్టాఫీసు మార్డెల్. ఆఫీసుకి తాళం వేసి వచ్చి, చిల్లీ అనే మాంసం కూర గిన్నెలో దాల్చినచెక్క రొట్టె ముంచుకుని తింటోంది. తినేటప్పుడు ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు.

"ఎవరి చేత తగ్గింపించావేంటి?" అన్నాను, కాఫీ పోస్తూ.

"చెప్తా విను. మా ఆర్లీస్‌కి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన పింగాణీ సూప్ గిన్నె ఉంది చూడు, నీలం పువ్వులది? దాని మూత పిల్లి పగలగొట్టింది."

"మీ ఇంట్లో పిల్లి లేదుగా," అన్నాడు గేలన్.

"వచ్చి, పగలగొట్టి, వెళ్ళిపోయింది. ఎవరి పిల్లో నేనడగలేదు. ఇంతకీ వచ్చే గురువారం థాంక్స్‌గివింగ్ విందా, ఆర్లీస్ వాళ్ళక్క వస్తుందా, ఆ గిన్నె అమ్మమ్మ తనకివ్వకుండా చెల్లెలికిచ్చిందని నలభై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న మనిషా, మూత లేని గిన్నె ఆవిడ కళ్ళబడిందంటే ఆర్లీస్ తలెక్కడ పెట్టుకోవాలి? ఆ తర్వాత నా తల ఎక్కడుంటుంది? అందుకని ఆర్లీస్‌కి తెలీకుండా రాత్రీ పగలూ ఆ కంప్యూటర్లో వేలంపాటలు వెతికాను. మూడు వారాలు వెతికాను. దొరికింది! అచ్చం అదే మూత. ఫ్లోరిడాలో ఎవడో పెట్టాడు. 'నిజాయితీ నార్బర్ట్' అని పేరు పెట్టుకున్నాడు. మొదటి పాట ఒక్క సెంటు."

"సెంటా?"

"ఒక్కటంటే ఒక్క సెంటు. పాట ముగియడానికి నాలుగు సెకన్లుందనగా నొక్కాను. అవతల తొమ్మిది వేల మంది పోటీ. ఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్టు కదా, తీగ నా చేతిలో కాలిపోతోంది. వదల్లేదు. పాట నాదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: షిప్పింగ్ పదిహేడు డాలర్లు, హ్యాండ్లింగ్ ముప్ఫై డాలర్లు."

గేలన్ ఈల వేశాడు. "సెంటు మూతకి నలభై ఏడు డాలర్లా! గుర్రం కొంటే కళ్ళెం ఖరీదు పదింతలన్నమాట."

"షిప్పింగ్ సరే, అర్థమైంది. పంపాలి కదా, పంపుతాడు. హ్యాండ్లింగ్ అంటే ఏంటట? అంటే ముట్టుకున్నందుకు. ముట్టుకున్నందుకు ముప్ఫై డాలర్లు! మా దంతాల డాక్టరు నోట్లో రెండు చేతులూ పెట్టి గంటసేపు ముట్టుకుంటాడు, ఆయన కూడా అంత తీసుకోడు. ఇంకొకడయితే తిట్టుకుంటూ కట్టేసి ఊరుకునేవాడు. నేను? డబ్బు కట్టేశాను, కట్టి ఉత్తరం రాశాను. అయ్యా నార్బర్టూ, ముప్ఫై డాలర్లు పుచ్చుకున్నావు కాబట్టి నాకు ముప్ఫై డాలర్ల ముట్టుకోవడం కావాలి. ఎవరు ముట్టుకున్నారు, ఎన్ని వేళ్ళతో ముట్టుకున్నారు, చేతులు కడుక్కున్నారా లేదా, అంతా రాసి పంపు అన్నాను. వాడు జవాబు రాశాడు పాపం. మూడు వేళ్ళతో ముట్టుకున్నానండీ అన్నాడు."

"అంటే వేలికి పది డాలర్లు," అన్నాన్నేను.

"అదే నేనూ రాశాను! వేలికి పదా? ఏ దేశంలో ఉందయ్యా ఈ రేటు? చట్టం ప్రకారం హ్యాండ్లింగ్ కింద పుచ్చుకున్న ప్రతి సెంటూ హ్యాండ్లింగ్ కిందే ఖర్చు పెట్టాలి, లేకపోతే జైలే అని రాశాను."

"అలాంటి చట్టం ఉందా?" అన్నాడు గేలన్.

"ఎక్కడో ఉంటుంది. ఇన్ని చట్టాలున్నాయి, ఆ ఒక్కటీ లేకుండా పోతుందా? వాడు హడలిపోయాడు. వీధిలో వాళ్ళందర్నీ పిలిచాడు. ముసలమ్మలూ, చేపలు పట్టేవాళ్ళూ, పెళ్ళికి పోతున్న బ్యాండు మేళం వాళ్ళూ, అందరూ వరసలో నిలబడి తలా ఒకసారి నా మూత ముట్టుకుని పక్కవాడికిచ్చారు. వరస మైలున్నర పొడుగుందిట. అప్పటికి ఎంత పని జరిగిందనుకున్నావ్? పదకొండు డాలర్ల ముట్టుకోవడమే! మిగతా పంతొమ్మిదికీ పక్క ఊరు నుంచి బస్సులు పెట్టించాడు."

నవ్వాపుకోలేక నేను కాఫీ గిన్నె కింద పెట్టేశాను. మార్డెల్ మాత్రం తల ఎత్తకుండా రొట్టె చిన్న ముక్క చేసుకుంది.

"ఇక షిప్పింగు. పదిహేడు డాలర్లూ చెల్లాలి కదా. తిన్నగా పంపితే చెల్లవు. అందుకని పెట్టెని ముందు అలాస్కా పంపాడు, అక్కడ కుక్కల బండి మీద మూడొందల మైళ్ళు ఊరేగించాడు, అక్కణ్ణుంచి ఓడలో పనామా తిప్పాడు, పనామాలో పెట్టెకి జలుబు చేస్తే వారం రోజులు ఆపాడు..."

"పెట్టెకి జలుబా!"

"తడిసిందిలే. తడిసిందని ఇంకో పెట్టెలో పెట్టారు. అది పగులుతుందేమోనని దాన్ని ఇంకోదాంట్లో. ప్రతి రేవులోనూ ఒక పెట్టె చుట్టారు. ఆఖరికి మన రైలు గేటు దగ్గరికొచ్చేసరికి రెండు ధాన్యం వ్యాగన్లంత అయింది. డ్రైవరు దిగొచ్చి, ఎవరయ్యా సూప్ గిన్నె మూత తెప్పించింది అని అరిచాడు. ధాన్యం గోదాము క్రేను తెప్పించి దింపించాను. ఇంటికి మోయించుకొచ్చాను. మా కొట్టం ముందు నిలబెడితే ఎండ నేల మీద పడలేదు, కోళ్ళు సాయంత్రమైందనుకుని గూళ్ళకెళ్ళిపోయాయి."

"ఒరే వెర్లిన్," అన్నాడు గేలన్, "అబద్ధం ఆడినా అతికినట్టుండాలిరా. మీ కొట్టం మా కిటికీలోంచి కనబడుతుంది. పెట్టె లేదు, పుట్టా లేదు."

"నువ్వప్పుడు ఒమాహాలో మీ చెల్లెలింట్లో ఉన్నావు."

"నేను ఒమాహా వెళ్ళి రెండేళ్ళయింది."

"చూశావా, రాకపోకలు తగ్గిపోయాయి, పాపం ఆ అమ్మాయి ఏమనుకుంటుందో. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొడ్డలి తెచ్చి పెట్టె పక్కకి ఒకటేశాను. లోపల థర్మాకోల్ ఉండలు! వాగు తెగినట్టు తెగింది. అప్పుడే మన గాలి లేచింది. అంతే, మన మండలం మండలం తెల్లబడిపోయింది. బడికి సెలవిచ్చేశారు. మంచు తోసే బండివాడు ఇంట్లో అన్నం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఉత్తరాన్నుంచి వచ్చిన అడవి బాతులు కిందికి చూసి, ఓహో ఇక్కడ చలికాలం ముదిరిపోయింది, మనం ఆలస్యం చేశామని ఆగకుండా మెక్సికో వైపు రెక్కలు కట్టుకుని పోయాయి. నేనేం చేశాను? కోత యంత్రం బయటికి తీశాను."

"థర్మాకోల్ కోశావా?"

"ఎకరానికి రెండొందల పది బుషెళ్ళు దిగుబడి! ఈ ఏడు మొక్కజొన్న నాకంత పండలేదు. గోదాము వాడు తేమ శాతం చూసి సున్నా అన్నాడు, ముప్ఫై ఏళ్ళలో ఇంత పొడి గింజ చూడలేదన్నాడు."

గేలన్ తల బల్లకి ఆనించేశాడు. భుజాలు ఎగురుతున్నాయి.

"నవ్వకండోయ్, అసలు సంగతి ఇప్పుడే. పెట్టె విప్పితే పెట్టె, దాన్ని విప్పితే ఇంకో పెట్టె, మూడు రోజులు విప్పాను. ఆఖరు పెట్టె మనిషంత ఉంది. మూత తీశాను. లోపల ఎవరనుకున్నారు?"

"ఎవరు?"

"నార్బర్టు! తెల్ల చేతి తొడుగులు వేసుకుని, ఒళ్ళో నా మూత పెట్టుకుని, ముడుచుకుని కూర్చున్నాడు. 'అయ్యా, ఎంత ముట్టించినా ఇంకా రెండు డాలర్లు మిగిలిపోయాయి, అందుకని నేనే వచ్చి మీ చేతికందిస్తున్నాను' అని బావురుమన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకో. లోపలికి తీసుకెళ్ళి తినమని గుమ్మడికాయ తీపి రొట్టె పెట్టాను. నాలుగు ముక్కలు తిన్నాడు."

"ఆర్లీస్ ఏమందిరా మరి, వంటింట్లో ఫ్లోరిడా మనిషిని చూసి?"

"చర్చిలో బొంతలు కుట్టడానికి వెళ్ళింది."

"మూడు రోజులూనా?"

"పెద్ద బొంత. ఇక వాడు, అయ్యా నన్ను ఇంటికి పంపండి అన్నాడు. పంపుతాను నాయనా, దానికేం, షిప్పింగు పదిహేడు, హ్యాండ్లింగు ముప్ఫై అన్నాను. నోరెత్తకుండా కట్టాడు. భుజమ్మీద చెయ్యేసి బస్సెక్కించాను, అదే హ్యాండ్లింగు! వెళ్ళిన వాడు ఊరుకున్నాడా? ఊరూరా చెప్పాడు, నెబ్రాస్కాలో వెర్లిన్ అని ఒకాయనున్నాడు, జాగ్రత్త అని. దేశంలో అమ్మేవాళ్ళందరికీ వణుకు పుట్టింది. 'పంపుడు ఖర్చు పూర్తిగా ఉచితం' అని అక్కడక్కడ ఇప్పుడు రాస్తున్నారు చూశారా? ఎవరి వల్లననుకున్నారు? వాషింగ్టన్ నుంచి ఫోన్ చేసి విగ్రహం పెడతామన్నారు. వద్దన్నాను. కంచు విగ్రహమాయె, పంపాలంటే ఎంతవుతుందో ఏమో అన్నాను."

వెర్లిన్ వెనక్కి వాలి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని అందర్నీ చూశాడు. గేలన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

మార్డెల్ గిన్నె పక్కకి జరిపింది. కాగితంతో మూతి తుడుచుకుంది.

"వెర్లిన్," అంది, "ఫ్లోరిడా నుంచి నీ పార్సెలు సోమవారం వచ్చింది."

వెర్లిన్ కుర్చీ ధడేలుమంది. "వచ్చిందా!" అని లేచి నిలబడ్డాడు. "నిజంగా వచ్చిందా? పగల్లేదు కదా? మార్డెల్, ఆఫీసు తెరువు తల్లీ, ఒక్క నిమిషం తెరువు, గురువారం విందు, నాకు మూడు వారాల నుంచి నిద్ర లేదు!"

హోటలంతా ఘొల్లుమంది. గేలన్ బల్ల మీద అరచేత్తో కొడుతూ, "కోత యంత్రం, కోత యంత్రం" అంటున్నాడు గానీ అంతకన్నా మాట రావడం లేదు. వెర్లిన్‌కి తనేం అన్నాడో అప్పుడు తెలిసింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అయినా కూర్చోలేదు. మార్డెల్ మొహంలోకే చూస్తున్నాడు.

"పగల్లేదు," అంది మార్డెల్. "అట్ట కవర్లో వచ్చింది. పాత పేపర్లు చుట్టి ఉంది. తపాలా మూడు డాలర్ల ఎనభై అయిదు సెంట్లు."

"మూడు ఎనభై అయిదు! దొంగ వెధవ!" అన్నాడు వెర్లిన్. మళ్ళీ వెంటనే, "పోనీలే. పగల్లేదు. అదే చాలు. ఇవ్వు మరి."

"నా దగ్గర లేదు. సోమవారమే ఆర్లీస్ వచ్చి తీసుకెళ్ళింది."

నవ్వులు ఆగిపోయాయి. వెర్లిన్ మెల్లిగా కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"విప్పిందా?"

"నా ముందే విప్పింది. మూత పగిలిన సంగతి ఆవిడకి పగిలిన రోజే తెలుసుట. నువ్వు జిగురు పెట్టి అతికించబోయి, ముక్కలు పనిముట్ల పెట్టెలో దాచావట కదా. ఎప్పుడు చెప్తావా అని చూస్తోందిట. ఆ మూత చేతిలో పెట్టుకుని, నా కోసం ఇంత వెతికాడా అని ఏడ్చేసింది వెర్లిన్. నలభై ఏళ్ళ కాపురంలో నువ్వు తనకి తెలీకుండా చేసిన మంచి పని ఇదొక్కటేనట."

వెర్లిన్ టోపీ అందుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. గేలన్ కూడా చూపు తిప్పేసుకున్నాడు.

"ఎంతయిందని అడిగిందా?" అన్నాడు వెర్లిన్.

"అడిగింది. నాకేం తెలుసు? లోపల చీటీ ఉంది, పాట ఒక్క సెంటు అని. తపాలా బిళ్ళల మీద ఎంతుందో అంతుంది. ఆ రెండూ చూసుకుంది."

వెర్లిన్ మొహం వెలిగింది. "అంటే నాలుగు డాలర్లకి పద్నాలుగు సెంట్లు తక్కువన్నమాట! మార్డెల్, నువ్వు చల్లగా ఉండాలి. ఒరే గేలన్, విన్నావుగా, ఎవరడిగినా అదే రేటు." కోటు అందుకుని ఒక చెయ్యి తొడుక్కున్నాడు.

"అంత చవకా అని ఒకటే ఆశ్చర్యపోయింది," అంది మార్డెల్. "ఆ నార్బర్టు దగ్గరే, అదే నీలం పువ్వుల పళ్ళేలు ఇంకా ఉన్నాయట. నిన్న నువ్వు పశువుల సంతకి వెళ్ళినప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని పన్నెండిటికీ పాట పాడి గెలిచేసిందిట. ఒక్కోటీ ఒక్క సెంటే."

కోటు రెండో చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"పన్నెండు," అన్నాడు వెర్లిన్. "పోనీ అన్నీ కలిపి ఒకే పెట్టెలో పంపుతాడా?"

"లేదట. పగులుతాయని ఒక్కోటీ వేరే పెట్టెలో పంపుతాడట," అంది మార్డెల్. "ఎంత జాగ్రత్త గల మనిషో అని తెగ మెచ్చుకుంటోంది."