రసీదు లేని లారీ

బాన్సువాడ, 1999 జూన్. కొత్తగా దిగిన కిరాయి ఇంట్లో, కట్టు విప్పని సామాను మధ్య ప్రకాష్, అతని భార్య సుచరిత.

“లారీ కిరాయి రాదట.”

“పోనీ తియ్యి. చేతులు కడుక్కో, అన్నం పెడత.”

“పోనీ ఏంది? బదిలీ చేస్తే సామాను ఖర్చు సర్కారే ఇస్తది. నాకెందుకియ్యరంటే క్లర్కు నవ్విండు.”

“ఎందుకట?”

“‘పంపిస్తే వచ్చినోళ్లకే ఇస్తరు సార్, అడుక్కొని వచ్చినోళ్లకు రాదు’ అన్నడు. నేనడుక్కున్ననా గీ బదిలీ?”

“వాడేదో పొరపాటు పడ్డడు. పప్పు చల్లారుతది.”

“నేను గట్లనే అనుకున్న. పెద్దసారు దగ్గరికే పోయిన.”

“...పోయినవా?”

“పోయిన. ‘మీ ఇంటామె వచ్చి ఏడ్చింది గదయ్యా, డోంగ్లి చెక్‌పోస్టుల మా ఆయనకు పానం మంచిగుంటలేదని’ అన్నడు. నాకు పానమెప్పుడు బాగలేదు సుచరితా?”

“మన బిట్టుగాని చదువు కోసం పోయిన. డోంగ్లి దిక్కు ఏం మంచి బడులున్నయి?”

“చదువు కోసమైతే నాతోని చెప్తుంటివి.”

“వింటుంటివా? చందూలాల్ సేటు లారీ పట్టినప్పటి సంది నీకు ఇల్లు యాదికున్నదా?”

“పేదలకిచ్చే కంట్రోల్ బియ్యం మహారాష్ట్రకు దాటిస్తుంటే సలాం కొట్టి పంపాల్నా? సోమవారం కోర్టుల చెప్తగ. తక్కిన సాక్షులంత జారుకున్నరు, నా ఒక్కని సాక్ష్యం మీదనే కేసు నిలవడ్డది.”

“నువ్వు గూడ జారుకో.”

“ఏందీ?”

“అక్కడున్నప్పుడు బిట్టుగాన్ని బడి కాడికెల్లి సేటు మనిషి తోల్కొచ్చిండు. బండి మీద. చేతిల బిస్కెట్ పాకెట్. ‘పిలగాడు మంచోడు వదినా’ అన్నడు. వదినా అన్నడు!”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఇంకో కేసు రాస్తుంటివి.”

“...సరే. భయపడ్డవు. అయింది. నేను సంతకం పెట్టని బదిలీ, నేనడిగినట్టెట్లయితది? కిరాయి కోసం మళ్ల రాసిస్త. లారీ రసీదు తే.”

“యాడనో పడ్డది.”

“సామాను ఎక్కిచ్చిన దినం నేను చార్జి అప్పజెప్పుకుంట ఆఫీసులనే ఉంటి. లారీ మాట్లాడింది నువ్వు. ఎవలది? పోయి ఇంకో రసీదు తెస్త.”

“వద్దు.”

“ఏం వద్దు? ఎంతిచ్చినవు కిరాయి?”

“వద్దంటున్న గదా.”

“సుచరితా. ఎంతిచ్చినవు?”

“ఇయ్యలే. వాళ్లు తీస్కోలే. సేటే పంపిండు, కాదంటె ఏమైతదో అని... ఊరంత చూస్తుంటె ఎక్కించిండ్రు. ఒకడు ఫోటోలు గూడ తీసిండు.”

“ఏ లారీ?”

“నువ్వు పట్టిన లారే. కోర్టుల జమానతు కట్టి ఇడిపిచ్చుకున్నరట. సామాను దించి పోతుంటె డ్రైవర్ అన్నడు, సార్‌ను ఆ ఫోటోలు పట్టుకొని సోమవారం కోర్టుల కలుస్తమని.”