తిరిగొచ్చేది ఒకరే

అక్షరాలు యాభై దాటినాక నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే మన్నించండి. నా చెయ్యి నెమ్మది. ఈ కాస్త రాయడానికే పదిహేను రోజులు పట్టింది.

పట్టపగలు, ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రి గేటు ముందు జమ్మలమడుగు ఆటో ఆగింది. వెనక సీట్లో అత్త సంజీవమ్మ, కోడలు సునీత. ముందు డ్రైవరు వలి బాషా.

"దిగు అత్తా."

"దిగను."

"పదకొండుకే మీటింగు. డాక్టరమ్మ నీ కోసరం చూస్తాంటాది."

"మీటింగే కదా?"

"మీటింగే. దారెంబడి ఎన్నిసార్లు చెప్పల్ల?"

"ఇంకోసారి చెప్పు."

"ఈడ మనసు జబ్బులకు ఉండే వార్డు చాలక ఇంకోటి కొత్తది పెడతాండారు. అది ఎట్లుండల్లో, ఆ జబ్బు పడి బాగైనోళ్ళనే అడగల్లని పిలిచినారు. నిన్నూ పిలిచినారు. కాగితం చదివినా కదా."

"చదివింది నువ్వే. అందులో ఏముందో నాకేం ఎరుక?"

"అయ్యో అత్తా!"

"పన్నెండేండ్ల కిందట మీ మామ కూడా ఇట్లే చెప్పినాడు. మైలవరం డ్యాం చూపిస్తా, చేపల పులుసు తినిపిస్తా అన్నాడు. తోలుకోని పోయి యాడనో ఒక ఊర్లో ఆసుపత్రిలో పడేసినాడు. నలభై దినాలు. ఇంతవరకూ ఆ డ్యాం చూళ్ళేదు నేను."

"డ్యాం నేను చూపిస్తాలే పెద్దమ్మా, ముందు దిగు. వెనక బస్సోడు తిడతాండాడు."

"నువ్వుండు వలీ. మే సునీతా, ఆ సంచిలో ఏముండాయి?"

"ఏం లేవు. నీళ్ళ బాటిలు."

"నీళ్ళ బాటిలు ఇంత మెత్తగుంటాదా? గుడ్డలు ఇవి. రెండు మూడు జతలుండాయి."

"లోపల ఏం చెప్తావో ఇంకోసారి చెప్పు అత్తా. మర్చిపోతావు."

"మాట మార్చాకు."

"గాజుల సంగతి చెప్పు. చెప్పు అత్తా."

"ఏముంది చెప్పేకి? ఆ పొద్దు లోపలికి తోసినంక నర్సు చేతులు పట్టుకునింది. గాజు పెంకు గుచ్చుకుంటాదని తీయల్లంట. ఆ మాట చెప్తే ఏం పోతాది? చెప్పలా. మంచం పట్టీకి కొట్టి పగలగొట్టినారు. గాజులు పగలగొడితే ఆడది ఏమనుకుంటాది? మీ మామ పోయినాడనుకున్నా. మూడు దినాలు గుండెలు బాదుకోని ఏడ్చినా. ఆయప్పేమో గేటు బయట బీడీ తాగుతా కూచోనుండాడంట!"

"ఇదే చెప్పు లోపల."

"చెప్తా. తీయల్లంటే సబ్బు రాసి తీయండి, ఎందుకో చెప్పి తీయండి అంటా. అంతే కదా? దానికి గుడ్డలెందుకు?"

"సునీతమ్మా, ఎంతసేపు ఉండల్ల నేను? తిరిగొచ్చేది ఒకరే అంటివి..."

"వలీ అన్నా, నువ్వుండు!"

"ఒకరేనా? వలీ, ఏమంటివి?"

"ఆయమ్మే చెప్పింది పెద్దమ్మా, పొద్దున ఫోన్లో. నాకేం తెలుసు?"

"అనుకుంటి. నిద్రపోకుండా వాకిట్లో తిరుగుతాంటివి, నన్ను కాపలా కాసేకే కదా? మూడు నెలల బిడ్డను మీ అమ్మ కాడికి పంపిస్తివి. నేనేమన్నా చేస్తాననే కదా?"

"కాదత్తా."

"నాకేమైందే? మాత్రలు తప్పకుండా మింగుతాండా. గొర్రెలను ఒక్కదాన్నే తోలుకోని పోతాండా. ఒక్కటన్నా తప్పిపోయిందా? ఇంటికి తోలుకోని పో సునీతా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అట్ల అనాకత్తా..."

"ఆ చేతులు కొంగులో ఎందుకు దాచుకుంటివి? చేర్పించే చీటీనా? చూపించు. తియ్ చెయ్యి... ఏందే ఇది? బోసి చేతులు! నా కొడుక్కు ఏమైంది?"

"ఆయప్ప బాగుండాడు. సంచిలో గుడ్డలు నావి అత్తా. బిడ్డను ఎత్తుకుంటే నా చేతులంటే నాకే భయమైతాంది. గాజులు పొద్దున నేనే సబ్బు రాసి తీసినా."

అఖ్తర్ బీ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు పులివెందులలో ఉంటున్నాను.