దొర కంచల గడ్డి

ఆవును మల్ల అదే గుంజకు కట్టేసినవా బుచ్చీ? ఆడ గడ్డి గొరిగినట్టయింది, కనవడ్తలేదా? మీ తాత ఉంటే నీ చెవు మెలేస్తుండె. బతికినన్నాళ్లు గదే లొల్లి ఆయనకు. మోకాలెత్తు పెరిగినంకనే పసులను తోలాలె, పిడికెడు మిగలంగనే ఇవతలికి కొట్టాలె. ఎన్ను ఏసినంక మేపితే గడ్డి పుల్లల లెక్క గట్టిపడ్తది, పాలు తగ్గుతయి. నేలదాక నాకిస్తే గడ్డి ఏరు సచ్చి పల్లేరు మొలుస్తది. పెండ్లయిన కొత్తల నన్నొక్కదాన్నే గడ్డి కంచకు రమ్మన్నడు. నేనేమో ఇంకేదో అనుకొని పూలు పెట్టుకొని పోయిన. పోతే నాతోని పిడికిలి పెట్టి గడ్డి కొలిపిచ్చిండు! నవ్వకే. మస్తు మంచోడు మీ తాత.

ఆ కంచ దొరది, అండ్ల దొర పసులను మీ తాతే కాస్తుండె. ఇబ్రహీంపట్నం తొవ్వల ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిన్రు సూడు, గదే. మన పసురం కాలు పెడితే బందెలదొడ్డికే. గట్లాంటిది సంఘపోళ్లు దొరల మీద లేస్తే దొర భయపడి హైద్రాబాదుకు ఉరికిండు. ఆ వానకాలం కంచ ఊరిదైంది. అబ్బ, ఏం సంబరం! ఇంటింటి పసులు అండ్లనే, పొద్దుమూకినా ఇవతలికి తీస్తలేరు. తాతల కాలం నుంచి ఆ గడ్డికి మొఖం వాసిన ఊరాయె. సూస్తుండంగనే సగం కంచ బోడిగయింది. మిగిలిన సగానికి మీ తాత ముండ్లకంప అడ్డమేసి నిలవడ్డడు. "ఇది గిట్ల ఊడ్సుకపోతే ఎండకాలం పసులకేం పెడ్తర్రా?" అని. మా ఇంటెన్క ఎల్లయ్య ఊకుంటడా? "ఏం గోపయ్యా, దొర పోతే ఆయనకు కావలి కాస్తున్నవా?" అన్నడు. అయ్యో, మాటల వడి ఆయన పేరు తీస్తి సూడు! ఇగ ఆ మాట ఊరంత పాకింది. బాయికాడ నాతోని ఒక్కరు మాట్లాడలే. "ఆ కంప తీసెయ్, మనకెందుకు?" అని ఏడ్సిన. ఇంటడా? మొండిఘటం.

గంతల మిలటరీ వచ్చింది. నైజాం పని ఖతమన్నరు, అందరం ఎగిరినం. మిలటరీ ఎన్కనే మా దొర సుత దిగిండు. కంచకొచ్చి బోడి సగం సూసి బూతులు తిట్టిండు. కంప అవతల నిగనిగలాడే గడ్డి సూసి మీ తాత భుజం మీద చెయ్యేసిండు, ఊరోళ్లందరి ముంగట. "నా మనిషివి నువ్వొక్కనివేరా. రేపు బండ్లు పంపుత, గడ్డి కోపిచ్చు" అన్నడు. ఎల్లయ్య నా దిక్కు సూసిన సూపు ఇప్పటికీ యాదికుంది బిడ్డా. భూమి పగిలితే అండ్ల పడిపోదామా అనిపిచ్చింది.

దొర అటు గడీకి మర్లిండో లేదో, మీ తాత కంప గుంజి పారేసిండు. ఎల్లయ్య కొట్టం తలుపు సుత తనే తీసి, ఊరి పసులనన్నిటిని అండ్లకు తోలిండు. పిడికెడు లేదు, ఏం లేదు. మన్ను కనవడేదాక మేపిండు. మేపుకుంట ఏడ్సిండు. నేను దగ్గరికి పోతే "రాకు" అన్నడు.

దొర చెప్తే పోలీసులు వచ్చి మీ తాత చేతులు కట్టినంక ఎల్లయ్య ఉరికొచ్చి కాళ్లమీద పడ్డడు. "నువ్వు మావోనివే అన్నా!" అని.

"ఎప్పుడు కాకపోతిరా నేను?" అన్నడు మీ తాత.

...

అన్నం తిన్నవా నువ్వు? ఉట్టిల పెరుగుంది, తీస్కో.