పచ్చ చీటీ ఉన్న అర

పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టని డైటీషియన్, ఏదో ఒకటి కొనుక్కుందామని ఆసుపత్రి వరండాలోని చిరుతిళ్ళ మెషిన్ దగ్గరికి వచ్చింది. అప్పటికే షుగర్ వార్డులోని పెద్దాయన భార్య అందులోంచి బిస్కెట్లు తీసుకుంటోంది.

“అవి ఎవరికి పెద్దమ్మా?”

“మా ఆయనకేనమ్మా, రోజూ ఇవే పెడుతున్నాను. పచ్చ చీటీ ఉన్న అరలోవి తినొచ్చని మీరే చెప్పారుగా?”

“చెప్పాను. ఏదీ, ఆ ప్యాకెట్ ఇలా ఇవ్వండి... అయ్యో, ఇందులో సగం పంచదారే!”

“అదేంటి? చీటీ ఉందిగా?”

“నేను చీటీ అంటించినప్పుడు ఆ అరలో పల్లీలుండేవి. సరుకు నింపేవాళ్ళు చేతికొచ్చింది పెట్టేసి పోయారు.”

“మరి మీరు చూసుకోవద్దా తల్లీ?”

“అన్ని వార్డులకీ నేనొక్కదాన్నే పెద్దమ్మా. మళ్ళీ ఇటు వచ్చి చూస్తే ఒట్టు.”

పెద్దావిడ గోడకు చేరగిలబడింది.

“షుగర్ దిగట్లేదని, నా కళ్ళు కప్పి ఇంకేదో తింటున్నారని నిన్న నానా మాటలూ అన్నాను. లేదు మొర్రో అన్నా నమ్మలేదు. అప్పట్నుంచీ అటు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

డైటీషియన్ చీటీని గోటితో గీకింది. సగమే ఊడింది.

“పదండి, నేనూ వస్తాను.”

“మీరెందుకమ్మా? ముందు ఏదైనా తినండి, మొహం పీక్కుపోయింది.”

“తర్వాత తింటాలెండి. పొద్దున వార్డులో అందరి ముందూ ఆయన్ని అబద్ధాలకోరన్నది నేనే.”