కంచె మీద మామగారి ఫొటో

ఒక ఫొటోగ్రాఫరు తొలిసారి సొంతంగా పెట్టుకున్న ప్రదర్శన. పార్కు ఇనుపకంచె పొడవునా పెద్ద పెద్ద ఫొటోలు. వాటి ముందు ఆమె, ఆమె భర్త. కాస్త ఎడంగా, తెల్లగుడ్డ పరిచిన మడతకుర్చీలో అత్తగారు.

“అది కాదు నేనడిగింది. ఈ అట్టముక్క ఎవరు కట్టారు?”

“నేనే. కాస్త ఆ కొస పట్టుకోండి, గాలికి లేచిపోతోంది.”

“దీని మీద నీ పేరుంది.”

“ఉంది.”

“అన్నింటి మీదా నీ పేరే ఉంది!”

“నా ప్రదర్శన కదండీ. పట్టుకోండి, పట్టుకోండి... ఆఁ, ఇక వదలండి.”

“వదలను. ముందు జవాబు చెప్పు. మా నాన్న ఫొటో కింద కూడా నీ పేరేమిటి?”

“తీసింది నేను కాబట్టి.”

“మెల్లగా! ఎవరైనా వింటారు.”

“వింటే విననివ్వండి. వీధిలో పెట్టింది అందుకేగా.”

“అమ్మా, విన్నావా నీ కోడలి మాటలు?”

“వింటున్నానురా. చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు నా ఎండకి అడ్డం నిలబడకు, వెచ్చగా ఉంది.”

“ఇంకాసేపట్లో ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళొస్తున్నారమ్మా. అధ్యక్షులవారు స్వయంగా వస్తున్నారు. నాన్న ఫొటోకి బహుమతి ఆయన చేతుల మీదుగానే అందుకున్నాను. ఇప్పుడాయన వచ్చి ఈ అట్టముక్క చదివితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“ఎప్పుడూ పెట్టుకునే చోటే పెట్టుకోండి.”

“వేళాకోళమా?”

“కాదు. ఆ క్లిప్పుల డబ్బా ఇలా అందించండి.”

“ఇదిగో, తీసుకో. నేను చెప్పేది విను. మనలో మనకి గొడవొద్దు. అన్నింటి కిందా స్టూడియో పేరు రాద్దాం. నీదీ కాదు, నాదీ కాదు.”

“స్టూడియో పేరేమిటి?”

“అదేమిటి, తెలియనట్టు...”

“చెప్పండి.”

“నా పేరే. అయితే? పెళ్ళికి ముందు నుంచీ ఉన్న బోర్డు అది!”

“పెళ్ళయ్యాక ఆ బోర్డు కింద ఫొటోలు తీసిందెవరు?”

“కెమెరా ఎవరిది? లైట్లు ఎవరివి? అద్దె కట్టిందెవరు? నా కెమెరాతో తీస్తే నా ఫొటోయే.”

“ఒరేయ్, మనింట్లో కుట్టుమిషను మీ నాన్న కొన్నారు.”

“ఇప్పుడదెందుకమ్మా?”

“ఏం లేదు. ఆ లెక్కన నీ చిన్నప్పటి చొక్కాలన్నీ ఆయనే కుట్టారన్నమాట. పాపం, సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి.”

“నువ్వు కూడా ఆమె వైపేనా?”

“నేనింకా ఎవరి వైపూ లేను. నువ్వు నా కొడుకువి. అబద్ధమాడావని ఎవరో అంటే నమ్మేయను. అలాగని ఈ పిల్ల మనింట్లో అడుగుపెట్టాక ఒక్క అబద్ధం ఆడగా వినలేదు. అందుకే కూర్చున్నాను. మీరు కానివ్వండి.”

“సరే, అడుగుతాను. ఏమే, ఇన్నేళ్ళూ నోరెత్తలేదేం? బహుమతి ఇచ్చిన రోజు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు కదా!”

“కొట్టాను. మీరు వేదిక మీద నా పేరు చెప్తారనుకున్నాను. చెప్తారు, చెప్తారు అనుకుంటూ కొడుతూనే ఉన్నాను. అందరూ ఆపేశాక కూడా. మీరు దిగి వచ్చి, ‘ఇక చాల్లే’ అన్నారు.”

“నాకు గుర్తులేదు.”

“నాకుంది.”

“తర్వాతైనా అడగొచ్చుగా?”

“అడిగాను. నవ్వేశారు. ఇంకోసారి అడిగాను. ఆడమనిషి తీసిందంటే గిరాకీ పోతుందన్నారు. ఆ తర్వాత మిమ్మల్ని అడగలేదు, కంచె వెతుక్కున్నాను.”

“కంచె! బట్టలు ఆరేసినట్టు ఉంది. మర్యాదగా ఏ గ్యాలరీలోనో పెట్టుకోవలసింది.”

“గ్యాలరీ వాళ్ళు ఫోన్ చేసింది మీకే. ఈ ఫొటోలు ఎవరివండీ అని అడిగితే ఏమన్నారు?”

“గాలి ఎక్కువైంది. ఆ మూల చూడు, ఊడిపోతోంది.”

“ఊడదు. గట్టి ముడి వేశాను. ఏమన్నారు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు! సరే, పో. మిగతావన్నీ నీవే అనుకో. పెళ్ళిళ్ళు, పిల్లలు, బజారు, అన్నింటి మీదా నీ పేరే రాసుకో. ఈ ఒక్కటీ వదిలెయ్. మా నాన్నని నాకు వదిలెయ్.”

“ఇదొక్కటే ఎందుకు?”

“ఎందుకంటే... ఎందుకేమిటి, నీకు తెలియదా? బతికున్నన్నాళ్ళూ ఆయన నన్ను చూసి నవ్వింది లేదు. స్టూడియో పెడతానంటే మాట్లాడటం మానేశారు. వచ్చినవాళ్ళందరి ముందూ ‘మావాడు దేనికీ కొరగాడు’ అనేవారు. ఆ ఒక్కరోజు, కిటికీ పక్కన కూర్చోబెట్టిన రోజు, నన్ను చూసి నవ్వారు. అమ్మా, నువ్వు చెప్పు!”

“నిజమే. ఆ నవ్వు కోసమే ఆ ఫొటో హాల్లో పెట్టించాను. రోజూ నా చేత్తో తుడుస్తాను.”

“చూశావా! నువ్వా రోజు గదిలో ఉండి ఉంటావు, కాదనను. మందులో మంచినీళ్ళో తెచ్చి ఉంటావు. మీట నొక్కింది మాత్రం నేను. నా వేలికి ఇంకా గుర్తుంది.”

“ఏవండీ, ఒక్కసారి దగ్గరికెళ్ళి చూడండి.”

“చూడక్కర్లేదు. నేను తీసింది నాకు తెలియదా?”

“ఇంట్లో ఉన్నది చిన్నది. ఇది తలుపంత చేయించాను. మిగతావాళ్ళకంటే ముందు మీరు చూడాలనే ఇంత పొద్దున్నే రమ్మన్నాను. చూడండి.”

“చూడనన్నానుగా! అదిగో, కారు. వాళ్ళే! ఆ అట్టముక్క తియ్. తియ్! నువ్వు తీయకపోతే నేనే పీకేస్తాను.”

“దాని మీద చెయ్యి వేయకండి.”

“వేస్తే ఏం చేస్తావ్?”

“ఏం చేస్తాను? మళ్ళీ రాసి మళ్ళీ కడతాను.”

“మొండితనం! అమ్మా, నువ్వైనా చెప్పు. అమ్మా? ఎక్కడికెళ్ళావ్?”

“ఇక్కడే ఉన్నానురా. మీ నాన్న దగ్గర.”

“అంత దగ్గరగా నిలబడితే ఏం కనిపిస్తుంది? వెనక్కి రా.”

“దగ్గరికొస్తేనే కనిపిస్తోంది. ఇంట్లో ఉన్నది అరచెయ్యంత. ఆయన కళ్ళజోడు మీద రెండు చుక్కలుంటే దుమ్మనుకుని ఇన్నాళ్ళూ తుడుస్తూనే ఉన్నాను. దుమ్ము కాదురా ఇది. అద్దంలో పడ్డ కిటికీ. కిటికీ ముందు ఇద్దరు మనుషులు.”

“అమ్మా, వాళ్ళు కారు దిగుతున్నారు...”

“దిగనీ. ఒక మనిషి పక్కగా నిలబడి, చేతులు చాచి తెల్లదుప్పటి పట్టుకున్నాడు. ఒక భుజం కిందికి వంచి... అలా నిలబడేది మన వంశంలో నువ్వొక్కడివే.”

“వెలుతురు కోసం... ఒక్క క్షణం పట్టుకుని ఉంటాను. తర్వాత నేనే...”

“నీ చేతిలో దుప్పటి ఉండగానేరా ఈ ఫొటో తీసింది. దుప్పటి ఇందులోనే ఉంది. మధ్యలో కెమెరా. దాని వెనక భుజం మీదుగా ముందుకు జడ వేసుకున్న మనిషి.”

“అత్తయ్యా, చాలు. వచ్చి కూర్చోండి.”

“నువ్వుండమ్మాయ్. నీకిది ఎప్పటి నుంచి తెలుసు?”

“ఫొటో కడిగిన రోజు నుంచీ.”

“మరి చూపించలేదేం? ఆయనగారు వేదికెక్కిన రోజే ముఖాన పెట్టి చూపించవలసింది కదా!”

“చూపిద్దామనే అనుకున్నాను. ఆ నవ్వు తనని చూసేనని మీ అబ్బాయి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటుంటే... నోరు రాలేదు.”

“ఒరేయ్, ఇలా రా. దగ్గరికి రా. మీ నాన్న నీ వైపు చూడటం లేదురా. నవ్వింది ఈ పిల్లని చూసి.”

“ఏవండీ, కింద కూర్చోకండి. వాళ్ళొచ్చేశారు. లేవండి.”

“ఏమయ్యా! కనిపించవేం? కంచెకి కట్టేశావా ఫొటోలన్నీ! బాగుంది, బాగుంది. ఓహో, మనం బహుమతి ఇచ్చింది ఇదే కదూ? ఎంత పెద్దది చేయించావు! రావయ్యా, తీసినవాడివి దీని పక్కన నిలబడు. మా సంఘం పత్రికకి ఒక ఫొటో తీసుకుంటాం.”

“నమస్కారం అధ్యక్షులవారూ. తీసినవాళ్ళంటే... ఆమెని నిలబెట్టండి. అమ్మా, ఆ కుర్చీ మీద తెల్లగుడ్డ ఇలా ఇవ్వు. ఆమె ముఖం సగం నీడలో పడింది, నేను పట్టుకుంటాను.”